సెల్లార్ మట్టి, చెరువు పూడికతో తోట వేయడం ఎలా?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ లేవాలంటే ముందు సెల్లార్ తవ్వాలి. తవ్విన మట్టి టిప్పర్లలో ఊరు దాటి ఏ కుంటలోనో, ఏ ఖాళీ ప్లాటులోనో పడుతుంది. రెండు మూడేళ్లకు బిల్డింగ్ పూర్తవుతుంది. అప్పుడు అదే సైట్‌కి గార్డెన్ కోసమని ఇంకెక్కడో గుట్ట గీకి ఎర్రమట్టి తెప్పిస్తారు. పోయిన టిప్పర్‌కీ, వచ్చిన టిప్పర్‌కీ కిరాయి పడేది చివరికి ఫ్లాట్ కొన్నవాళ్ల మీదే.

కొన్న ఎర్రమట్టి అంత గొప్పదా అంటే, అదీ కాదు. గుట్ట లోపలి పొరల్లోంచి తీసిన మట్టిలో ఆకుకుళ్లు ఉండదు, వానపాము ఉండదు. రంగు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతుంది, కమిటీ వాళ్లు ఆ రంగు చూసి సంతకం పెట్టేస్తారు. మొక్కకు రంగుతో పని లేదు. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చింది, నీళ్లను ఎంతసేపు పట్టి ఉంచుతుంది, ఎంత తొందరగా వదులుతుంది అన్నదే దానికి ముఖ్యం. ఈ లెక్కన చూస్తే మన ఊళ్లో వృథాగా పారబోసే మట్టితోనే మంచి తోట వేయొచ్చు. కాకపోతే ఏ మట్టి తీసుకోవాలో, దేన్ని గేటు దగ్గరే వెనక్కి పంపాలో తెలియాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లకు, విల్లా యజమానులకు, సైట్ సూపర్‌వైజర్లకు ఉపయోగపడేలా ఆ పద్ధతి వరసగా చెబుతాను.

1. మట్టి పుట్టుక తెలుసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ మెట్టు మీదే.

సెల్లార్ మట్టి: హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే మెత్త రాయి, ఆ తర్వాత గట్టి రాయి. మొరం అంటే గ్రానైట్ ఏళ్ల తరబడి చివికి గరుకుగా పొడి అయినదే. దాంట్లో విషాలు ఉండే అవకాశం తక్కువ, నీళ్లు బాగా దిగిపోతాయి. దాని లోపమల్లా ఆకలి. నీళ్లు నిలవవు, పోషకాలు ఉండవు. పడమటి వైపు కొన్ని చోట్ల తవ్వితే నల్లరేగడి కూడా తగులుతుంది. అది దీనికి పూర్తి విరుద్ధం. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది.

మీ సైట్ ఇంకా తవ్వకం దశలోనే ఉంటే మీరు అదృష్టవంతులు. జేసీబీ దిగే ముందే పైన ఉన్న 15 నుంచి 20 సెంటీమీటర్ల మట్టిని విడిగా గీకించి ఒక పక్కన పోయించండి. ఆ స్థలంలో ప్రాణం ఉన్న మట్టి అదొక్కటే. కుప్ప ఎత్తు రెండు మీటర్లు దాటకూడదు, దాటితే లోపల గాలి ఆడక చచ్చిపోతుంది. కుప్ప మీద జనుమో జీలుగో చల్లితే వానకు కొట్టుకుపోకుండా ఉంటుంది. బిల్డర్‌తో ఈ ఒక్క మాట ముందే రాయించుకుంటే తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

చెరువు పూడిక: 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి రైతుల పొలాలకు తోలారు. అంతకు ముందు తరాల్లోనూ ఎండాకాలంలో చెరువు మట్టి చెలకలకు తోలుకోవడం తెలంగాణలో మామూలే. ఇసుకపాలు ఎక్కువున్న చెలక నేలకు ఒండ్రు కలిస్తే నీళ్లు పట్టే గుణం పెరుగుతుంది. తోటకూ అదే సూత్రం. మొరం నీళ్లను నిలుపుకోదు, పూడిక నీళ్లను వదలదు. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఈ వ్యాసంలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

అయితే పల్లె చెరువు పూడిక వేరు, నగరంలో చెరువు పూడిక వేరు. ఇక్కడ చాలా చెరువుల్లోకి మురుగు వస్తుంది. ఫ్యాక్టరీల పక్కన ఉన్న వాటి సంగతి చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు మోతాదు మించి ఉన్నాయని మన ఊళ్లోనే ఉన్న ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల అధ్యయనాలు చూపించాయి. అలాంటి చోటి పూడిక ఉచితంగా ఇస్తామన్నా, వచ్చి దింపి వెళ్తామన్నా వద్దనండి. ఊరి బయట, పైన ఫ్యాక్టరీ లేని చెరువు నుంచి వచ్చేదైతే తీసుకోవచ్చు. అదైనా పరీక్ష చేయించాకే.

కూల్చిన ఇళ్ల మట్టి: జీడిమెట్ల, ఫతుల్లాగూడలో భవన శిథిలాల రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి. అక్కడ పగలగొట్టి, జల్లించి కంకర, ఇసుక వేరు చేస్తారు. అలా వేరైన ఇసుక లాన్ కిందా, నడకదారుల కిందా బాగా పనికొస్తుంది. ప్లాంటు మొహం చూడకుండా నేరుగా కూల్చిన ఇంటి నుంచి వచ్చే ట్రిప్పుతోనే పేచీ. సిమెంటు, సున్నం వల్ల దాని పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) 8.5 దాటి 9 పైకి పోతుంది. పాత ఇళ్ల గోడల రంగులో సీసం ఉండే ప్రమాదం ఉంది. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన గోడల సంగతి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇక సిమెంటు రేకుల ముక్కలు కనిపిస్తే అసలు చేయి పెట్టొద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ ట్రిప్పు మొత్తం వెనక్కే.

డంప్‌యార్డ్ జల్లెడ మట్టి: పాత చెత్త గుట్టలను తవ్వి జల్లిస్తే కింద మెత్తటి నల్ల మట్టి వస్తుంది. చూడ్డానికి కంపోస్ట్ లాగే ఉంటుంది. చేత్తో నలిపితే గాజు పెంకులు, ప్లాస్టిక్ పీలికలు, బ్యాటరీ ముక్కలు తగులుతాయి. ఉప్పు కూడా ఎక్కువ. నా సలహా ఏమిటంటే పిల్లలు ఆడేచోట, జనం కూర్చునేచోట దీన్ని వాడకండి. పరీక్షలో పాసైతే రోడ్డు డివైడర్‌లోనో, గట్టు నింపడానికో వేసి, పైన అడుగు మందం మంచి మట్టి కప్పండి.

ఎస్‌టీపీ బురద: పెద్ద కమ్యూనిటీల్లో సొంత ఎస్‌టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటుంది, ఆ బురదను ఏం చేయాలో తెలియక తోటలో వేయమంటారు. పచ్చిది వేయొద్దు, అందులో రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి. ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి, కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలకు చేరి, కనీసం 15 రోజులు అక్కడే నిలబడి, ఆ లోపు ఐదుసార్లు తిరగేశాక వాడొచ్చు. అప్పుడైనా పొదలకు, చెట్లకే. లాన్‌కి వద్దు.

2. మొదటి ట్రిప్పును కుప్ప దగ్గరే పరీక్షించండి

పగలు భారీ వాహనాల మీద ఆంక్షలుంటాయి కాబట్టి టిప్పర్లు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. వాచ్‌మన్ టార్చి వెలుగులో అన్నీ మంచి మట్టిలాగే కనిపిస్తాయి. అందుకని ముందు ఒక్క ట్రిప్పే దింపించుకుని, తెల్లారాక చూశాకే మిగతావి రమ్మనాలని ఖరారు చేసుకోండి. చూడాల్సినవి ఇవి.

వాసన: మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. కుళ్లిన గుడ్డు కంపు వస్తే గాలి తగలని బురద అని అర్థం. పూడికలో ఇది మామూలే, ఎండలో పరిస్తే పోతుంది. డీజిల్, కెమికల్ వాసన వస్తే మాత్రం పోదు.

సున్నం: కాస్త పొడి మట్టి మీద నిమ్మరసమో వెనిగరో చుక్కలు వేయండి. బుస్సుమని పొంగితే సున్నం గట్టిగా ఉన్నట్టు.

జిగురు: మూత ఉన్న గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సర్ఫ్ వేసి బాగా ఊపి పెట్టండి. ఇసుక ఒక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు రెండు గంటల్లో, బంకమట్టికి ఒక రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. పొరల మందం చూస్తే దేనికి ఏది కలపాలో అక్కడే సగం తెలిసిపోతుంది.

ఉప్పు: ఇంట్లో ఆర్‌ఓ ఉన్నవాళ్ల దగ్గర టీడీఎస్ మీటర్ ఉంటుంది. ఒక గ్లాసు మట్టికి రెండు గ్లాసుల ఆర్‌ఓ నీళ్లు పోసి కలిపి, అరగంట తేరుకోనిచ్చి మీటర్ పెట్టండి. బోరు నీళ్లతో చేస్తే బోరు ఉప్పు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. రీడింగ్ 500 దాటితే చౌడు మొదలైనట్టు. వెయ్యి దాటితే నాజూకు మొక్కలు బతకవు.

విత్తనం: లాబొరేటరీ కంటే నేను ఎక్కువ నమ్మేది దీన్నే. రెండు ట్రేలు తీసుకోండి. ఒకదాంట్లో అనుమానం ఉన్న మట్టి, ఇంకోదాంట్లో మీకు నమ్మకం ఉన్న పాత కుండీ మట్టి నింపండి. రెండింట్లోనూ 20 ముల్లంగి గింజలు, 20 పెసలు వేయండి. వారం పది రోజుల తర్వాత మంచి మట్టిలో మొలిచినదాంట్లో ముప్పావు వంతు కూడా అనుమానం ఉన్నదాంట్లో మొలవకపోతే, లేదా వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగి మెలి పడితే, ఆ మట్టితో పని పెట్టుకోకండి. అందులో ఏముందో రిపోర్టు చెప్పకపోవచ్చు, మొలక మాత్రం చెప్పేస్తుంది.

3. ల్యాబ్‌కి పంపండి

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రాలు ఉన్నాయి, ప్రైవేటు ల్యాబులు కూడా ఉన్నాయి. ఎక్కడికి పంపినా నమూనా సరిగ్గా తీయకపోతే రిపోర్టుకు విలువ లేదు. కుప్ప పైపైన కాకుండా లోపలి నుంచి, పది పన్నెండు చోట్ల గుప్పెడేసి తీయండి. అన్నీ ఒక గోనె మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా అలాగే చేయండి. సెల్లార్ మట్టిది వేరు, పూడికది వేరు, కలిపి పంపొద్దు.

అడగాల్సిన పరీక్షలు: పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత), సేంద్రియ కర్బనం, సున్నం శాతం, ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్). నగరంలో చెరువుదో, పాత ఇంటిదో, డంప్‌యార్డుదో అయితే సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ కూడా. లోహాల పరీక్షకు డబ్బు ఎక్కువ తీసుకుంటారు, కానీ మట్టి మొత్తం మళ్లీ తవ్వి పోయించే ఖర్చు ముందు అదెంత.

రిపోర్టు చదవడం సులువే. పీహెచ్ 6.5 నుంచి 8 మధ్య ఉంటే హాయి. 8.5 దాటితే మొక్కల ఎంపిక మార్చుకోవాలి. ఈసీ 1 కంటే తక్కువుండాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 పైనుంటే ఎక్కువ. సెల్లార్ మొరంలో ఇది దాదాపు లేనట్టే వస్తుంది, దానికి కంగారు పడకండి. లోహాల అంకెలను మాత్రం అదే ప్రాంతంలో ముట్టని నేల నుంచి తీసిన నమూనాతో పోల్చి చూడండి. రెండింతలు, మూడింతలు తేడా ఉంటే వదిలేయండి.

4. జల్లించి, కలుపు మొలిపించి, చంపండి

వాలుగా నిలబెట్టిన ఇనుప జల్లెడ మీద పారతో విసిరితే రాళ్లు, ఇటుక ముక్కలు, కవర్లు వేరవుతాయి. పొదల మట్టికి 20 మిల్లీమీటర్ల కన్ను చాలు, లాన్ పై పొరకు 10 మించకూడదు. మొరంలో చిన్న రాళ్లు పావువంతు దాకా ఉన్నా చెట్లకు ఇబ్బంది లేదు, మరీ మెత్తగా చేయాలని కూలి తగలేయకండి. జల్లెడ మీద మిగిలిన రాళ్లను ఇంకుడు గుంతలో వేసుకోవచ్చు.

పూడిక తడిగా వస్తే అడుగు మందం పరిచి ఎండాకాలంలో మూడు నాలుగు వారాలు వదిలేయండి. నెర్రెలిచ్చి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ముట్టొద్దు. తడి పూడికను కలిపితే ముద్దలు ముద్దలుగా మిగిలిపోతుంది, ఆ ముద్దలు ఎండి ఇటుకలవుతాయి.

బయటి మట్టితో వచ్చే పెద్ద శత్రువు వయ్యారిభామ, తుంగ. మట్టి పరిచాక తడిపి, రెండు వారాలు ఏమీ నాటకుండా ఉంచండి. కలుపంతా ఒక్కసారిగా మొలుస్తుంది. అప్పుడు పైపైన గీకి తీసేయండి. లోతుగా తవ్వితే కింది గింజలు పైకొస్తాయి. ఇలా రెండుసార్లు చేస్తే ఏడాది పొడుగునా మాలి నడుం వంచే పని చాలావరకు తగ్గుతుంది. తుంగ గడ్డలు మాత్రం గీకితే పోవు, ఆ చోట గడ్డపారతో గడ్డ సహా తీయాల్సిందే.

5. అడుగు నేలను వదులు చేయండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. రెండేళ్లు టిప్పర్లు, మిక్సర్ లారీలు తిరిగిన నేల రోడ్డులా బిగుసుకుపోయి ఉంటుంది. దాని మీద అడుగు మంచి మట్టి పోస్తే అది తొట్టి అవుతుంది. వానాకాలం నీళ్లు అందులో నిలిచి వేళ్లు కుళ్లుతాయి, ఎండాకాలం కిందికి వేరు దిగక మొక్క మాడుతుంది.

ఒక ఇనుప రాడ్‌ను చేత్తో నేలలోకి గుచ్చి చూడండి. జానెడు లోతు కూడా దిగకపోతే బిగుసుకున్నట్టే. జేసీబీ బకెట్ పళ్లతో 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు గీయించండి. పదునులో ఉన్నప్పుడే చేయించాలి. తడిగా ఉన్నప్పుడు జేసీబీ తిరిగితే ఇంకా బిగుస్తుంది. గీసేముందు కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు ఎక్కడున్నాయో డ్రాయింగ్ చూడండి.

తర్వాత నీటి పరీక్ష. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి, ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటలో ఎంత తగ్గిందో స్కేలుతో కొలవండి. 2.5 సెంటీమీటర్ల కంటే తక్కువ తగ్గితే నీళ్లు బయటికి పోయే దారి ఏర్పాటు చేయకుండా నాటొద్దు.

ఇక్కడే ఒక అపోహ సంగతి. నీళ్లు బాగా దిగుతాయని గుంత అడుగున శిథిలాల కంకర పొర వేసి, పైన మట్టి పోస్తారు. మెత్తటి మట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు కింది పెద్ద రంధ్రాల్లోకి దిగవు. అంటే కంకర వేయడం వల్ల తడి వేళ్లకు ఇంకా దగ్గరగా నిలుస్తుంది. ఆ నీళ్లు పోవడానికి పైపు ఉంటేనే కంకర పొరకు అర్థముంది. రెండు రకాల మట్టి కలిసే చోట కూడా కత్తిరించినట్టు పొరలు ఉండకూడదు. మొదటి మట్టి పది సెంటీమీటర్లు పోసి అడుగు నేలతో కలిపి తవ్వించి, ఆ మీదే మిగతాది పోయండి.

6. మిశ్రమం

కొలత తట్టల్లోనే, బరువులో కాదు. ఇవి మొదలు పెట్టడానికి పాళ్లు. మీ సీసా పరీక్షను బట్టి అటూ ఇటూ మార్చుకోండి.

చెట్ల గుంతలకు: సెల్లార్ ఎర్రమట్టి లేదా మొరం 5 తట్టలు, పూడిక 3, మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్ట్ 2.
పొదలు, పూలమొక్కలకు: మొరం 4, పూడిక 3, కంపోస్ట్ 3.
లాన్‌కి: ఎర్రమట్టి 5, పీహెచ్ చూసిన రీసైకిల్ ఇసుక 3, జల్లించిన కంపోస్ట్ 2.

మీ సెల్లార్‌లో నల్లరేగడి పడితే లెక్క తిరగబడుతుంది. పూడిక అక్కర్లేదు, దాని బదులు మొరం సగానికి సగం కలపాలి. రేగడిలో కొద్దిగా ఇసుక కలిపితే వదులవుతుందని అనుకుంటారు. కొద్దిగా కలిపితే ఇంకా గట్టిపడుతుంది. కలిపితే సగం కలపాలి, లేకపోతే ఎరువుతో సరిపెట్టుకోవాలి.

కంపోస్ట్ పై 30 సెంటీమీటర్లకే. చెట్టు గుంత మీటరు లోతున్నా కింది భాగంలో మొరం, పూడిక మాత్రమే వేయండి. లోతున గాలి లేని చోట ఎరువు కుళ్లి కంపు కొట్టి వేళ్లను చంపుతుంది. పైగా అది చివికి కుంగి, చెట్టు గుంతలోకి దిగిపోతుంది.

సిటీ కంపోస్ట్ కొంటే బస్తా మీద, రిపోర్టులో చూడాల్సినవి ఉన్నాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం సిటీ కంపోస్ట్‌లో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు, ఈసీ 4 దాటకూడదు. ఈసీ 4 అంటే ఒట్టి కంపోస్ట్‌లో నాటకూడదనే అర్థం. పావువంతో మూడోవంతో కలిపినప్పుడే అది సర్దుకుంటుంది.

పీహెచ్ ఎక్కువుంటే జిప్సం వేయమని చాలామంది చెబుతారు. సోడియం ఎక్కువైన చౌడుకు జిప్సం మందు. సిమెంటు సున్నం వల్ల పెరిగిన పీహెచ్‌కు జిప్సంతో పని లేదు. గంధకం వేసినా సున్నం పుష్కలంగా ఉన్నచోట అది ఖర్చయిపోవడమే తప్ప పీహెచ్ దిగదు. అలాంటి మట్టికి మందు మొక్కల ఎంపికే.

ఇక ఎంత తెప్పించాలి? 100 చదరపు మీటర్ల మడి, అడుగు మందం అనుకోండి. 30 ఘనపు మీటర్లు. వదులు మట్టి తొలి వానలకు దాదాపు ఆరోవంతు కుంగుతుంది కాబట్టి 36 లెక్క వేసుకోండి. ఘనపు మీటరంటే సుమారు 35.3 ఘనపుటడుగులు, అంటే మొత్తం సుమారు 1,270. ట్రాలీ లోపలి కొలత మీ టేపుతో మీరే కొలవండి, డ్రైవర్ చెప్పిన లెక్క రాసుకోకండి.

పోడియం మీద, అంటే పార్కింగ్ స్లాబు మీద తోట అయితే ఈ మిశ్రమాలేవీ నేరుగా పోయొద్దు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,600 నుంచి 2,000 కిలోలు తూగుతుంది. స్లాబు ఎంత మోస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీర్ రాసిచ్చాకే మందం తేల్చండి.

7. నాటే ముందు ఒక పంట పచ్చిరొట్ట

హడావిడి లేకపోతే ఇది చేయండి. తొలకరికి, జూన్‌లో, పరిచిన మట్టి మీద జీలుగ లేదా జనుము చల్లండి. కాస్త చౌడు, పీహెచ్ ఎక్కువ ఉన్నచోట జీలుగే మేలు. 45 నుంచి 50 రోజుల్లో పూత దశకు వస్తుంది. అప్పుడు కోసి అక్కడే మట్టిలో కలియదున్నండి. రెండు మూడు వారాలు చివకనిచ్చి, ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో నాటండి. వానలు ఇంకా ఉంటాయి, ఎండ తగ్గుతుంది. చచ్చిన మొరంలోకి నత్రజని, ఆకుకుళ్లు, సూక్ష్మజీవులు ఇంత చవకగా ఇంకే విధంగానూ రావు. ప్రారంభోత్సవం తేదీ ముంచుకొచ్చిందని బిల్డర్ తొందరపెడితే, ముందు గేటు దగ్గర మడులు మాత్రం నాటి, మిగతా స్థలంలో జీలుగ వేయండి. పచ్చగానే ఉంటుంది, ఎవరూ అడగరు.

8. మట్టికి తగ్గ మొక్క

పీహెచ్ 8 పైనున్నా, మొరం పాలు ఎక్కువున్నా వేప, కానుగ, రేల, జమ్మి, సీమచింత, తంగేడు, గన్నేరు, బోగన్‌విల్లా తట్టుకుంటాయి. తంగేడు మన రాష్ట్ర పుష్పం, జమ్మి మన రాష్ట్ర వృక్షం. అయినా కమ్యూనిటీ తోటల్లో ఈ రెండూ కనిపించేది తక్కువే, ఎందుకో మరి.

నూరు వరహాలు, గార్డెనియా సున్నపు మట్టిలో పెట్టకండి. లేత ఆకులు పసుపుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము మట్టిలో ఉన్నా అది వాటికి అందదు. నర్సరీవాళ్లు స్ప్రే ఇస్తారు, నెల రోజులు పచ్చబడుతుంది, మళ్లీ మామూలే. గులాబీకి ఉప్పు పడదు, ఆకుల అంచులు మాడతాయి. ఈ మూడూ కావాల్సిందే అంటే కొన్న మట్టితో విడి కుండీల్లో పెంచుకోండి.

నగర చెరువు పూడిక గానీ, శిథిలాల మట్టి గానీ, డంప్‌యార్డ్ మట్టి గానీ వేసిన మడుల్లో తోటకూర, పాలకూర లాంటివి వేయొద్దు. ఆకుకూరలు లోహాలను పీల్చుకుంటాయి. కమ్యూనిటీలో ఎవరో ఒకరు ఖాళీ కనపడగానే పుదీనా గుచ్చుతారు కాబట్టి ఈ సంగతి అసోసియేషన్ గ్రూపులో ముందే పెట్టండి.

9. మొదటి ఏడాది

నాటిన వెంటనే చెట్టు మొదలు చుట్టూ పాదు చేసి, ఎండుటాకులు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం కప్పండి. మొదలుకు తగలకుండా అరచేయి వెడల్పు వదలండి. తోటమాలి ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా ఇక్కడికే రావాలి. పచ్చి కొమ్మల ముక్కలు అయితే పైన కప్పండి, మట్టిలో కలపొద్దు. కలిపితే అవి చివికేటప్పుడు నత్రజని లాగేసుకుని మొక్కలు పసుపెక్కుతాయి.

రోజూ కాస్త కాస్త నీళ్లు చల్లే కంటే మూడు నాలుగు రోజులకోసారి నిండుగా పెట్టండి, వేరు కిందికి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మొరం మడులకు మాత్రం ఈ వ్యవధి తగ్గించాలి. పెట్టిన మర్నాడు వేలు గుచ్చి చూస్తే తెలుస్తుంది. బోరు నీళ్లే వాడుతుంటే వాటి టీడీఎస్ కూడా చూడండి, మట్టిలో లేని ఉప్పు బోరులోంచి వచ్చి చేరుతుంటుంది. వానాకాలం ఆ ఉప్పును కొంత కడిగేస్తుంది, అందుకే మడి నుంచి నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోకుండా చూడాలి.

తొలి వానలకు మట్టి కుంగిన చోట అదే మిశ్రమం పోసి సరిచేయండి. ఇందుకోసం కలిపిన దాంట్లో కొంత మూలన టార్పాలిన్ కింద దాచి ఉంచండి. వేరే మట్టి పోస్తే మళ్లీ పొర ఏర్పడుతుంది.

మరుసటి మే నెలలో, ఎరువు వేయకముందు, మడుల్లోంచి నమూనాలు తీసి మళ్లీ ల్యాబ్‌కి పంపండి. సేంద్రియ కర్బనం పెరిగి, ఈసీ పెరగకుండా ఉంటే జూన్‌లో చదరపు మీటరుకు ఒక తట్ట కంపోస్ట్ పైపైన చల్లితే సరిపోతుంది. ఈసీ పెరిగితే ఎరువు ఆపి ముందు బోరు నీళ్ల సంగతి చూడండి. ఎన్‌పీకేలో ఏది తక్కువొస్తే అదొక్కటే వేయండి, మూడూ కలిపిన బస్తా తెచ్చి చల్లకండి.